హస్తవాసి

ఆవిడ నా కాళ్ల దగ్గర స్టూల్ మీద కూర్చుని, నా కుడిచేతి నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి చూపించమన్నారు. ఆ వెడల్పుని కంటితో కొలుచుకుని, లోపలివైపు చీలమండ ఎముక నుంచి అంతే దూరం పైకి వచ్చి, అక్కడ బొటనవేలితో నొక్కారు. "ఇక్కడ లాగుతోందా అమ్మా?" లాగింది. "కొలత మీ వేళ్లతోనే తియ్యాలి, నా వేళ్లతో కాదు. మీ ఒంటికి మీ ఒళ్లే స్కేలు" అన్నారు నవ్వుతూ. తర్వాత సూది దిగింది. వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. చీమ కుట్టినంత కూడా లేదు. కానీ అరనిమిషం తర్వాత అక్కణ్నుంచి బరువుగా, మొద్దుగా ఏదో పాదం వైపు జారింది.

ఆ రోజు మొత్తం 12 సూదులు. బొడ్డు కింద రెండు, కాళ్లకీ చేతులకీ మిగతావి. లైటు తగ్గించి, అరగంట అలాగే వదిలేసి వెళ్లారు. ఆ అరగంటలో నేను ఆలోచించింది ఒకటే: ఇది పనిచెయ్యకూడదు.

ఆరేళ్లుగా పొత్తికడుపు నొప్పితో ఉన్న మనిషి, డబ్బు కట్టి మరీ పడుకుని, తగ్గకూడదని కోరుకోవడం ఏమిటి? పైగా తగ్గింది. పూర్తిగా కాదు. మూడో నెలకి, నెలలో పదిహేను రోజులు మంచం పట్టించే నొప్పి ఐదారు రోజులకి వచ్చింది. ఆ విషయం ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో చెప్పలేదు. నా గైనకాలజిస్టుకి అసలే చెప్పలేదు. దొంగతనం చేసినట్టు దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నానా అన్న ప్రశ్న దగ్గరే ఈ వ్యాసం మొదలవుతుంది.

*

ఆరు నెలలకి మించి పొత్తికడుపులో నొప్పి ఉంటే, దాన్ని దీర్ఘకాలిక కటి నొప్పి అంటారు. అది జబ్బు పేరు కాదు, జబ్బు కోసం ఖాళీగా వదిలిన గడి. అందులో ఎండోమెట్రియోసిస్ ఉండొచ్చు, మూత్రాశయపు వాపు ఉండొచ్చు, పేగుల ఇబ్బంది ఉండొచ్చు, కటి అడుగున కండరాలు బిగుసుకుపోయి ఉండొచ్చు, ఒకేసారి మూడు నాలుగు ఉండొచ్చు. ఎంత వెతికినా ఏదీ కనబడకపోనూవచ్చు. నాది ఈ చివరి రకం. నాలుగు స్కానింగులు, ఒక ఎమ్మారై. అన్నిట్లోనూ చివరి వాక్యం ఒకటే: నార్మల్.

ఆ మాట చూసి సంతోషించాలి కదా. ఆ కాగితం పట్టుకుని పార్కింగ్‌లో నిలబడి ఏడ్చింది నేనొక్కదాన్నే అయ్యుండను. రిపోర్టు నార్మల్ అయితే, నార్మల్ కానిది నేనన్నమాట.

తర్వాతి ఐదేళ్లలో విన్నవి: "స్ట్రెస్ తగ్గించుకోండి." "పెళ్లయితే సర్దుకుంటుంది." పెళ్లయిన స్నేహితురాలికి మాత్రం, "ఒక కాన్పయితే సర్దుకుంటుంది." కాన్పయిన కొలీగుకి, "పిల్లలతో టెన్షన్ కదా మేడమ్, అదీ." మా అమ్మ తిట్టేది కాదు, కానీ తలుపు దగ్గర నిలబడి ఒక నిట్టూర్పు విడిచేది. అది ఇంకా కష్టం. ఒక పెద్దాసుపత్రిలో, పదికి ఎంత నొప్పో చెప్పమంటే ఎనిమిదన్నాను. డాక్టరు నా వైపు చూసి, "ఎనిమిదుంటే ఇలా కూర్చుని మాట్లాడలేరమ్మా" అన్నాడు. అప్పట్నుంచి ఎవరడిగినా ఆరని చెప్పడం నేర్చుకున్నాను. నమ్మదగిన అబద్ధం ఆడితేనే నిజానికి విలువొస్తుందని అర్థమైంది.

ఇంగ్లీషు నవలా రచయిత్రి హిలరీ మాంటెల్ ఇరవైల్లో ఉన్నప్పుడు ఇలాంటి నొప్పితోనే డాక్టర్ల దగ్గరికి వెళ్తే, మానసిక రోగమని తేల్చి మతిభ్రమకి వాడే మందులిచ్చారు. తర్వాత బోట్స్వానాలో ఉండగా, వైద్యశాస్త్ర పుస్తకం చదివి తన జబ్బు ఎండోమెట్రియోసిస్ అని తనే కనిపెట్టుకుంది. 27 ఏళ్లకి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఇదంతా ఆవిడ 2003లో వచ్చిన తన ఆత్మకథలో రాసుకుంది. అంత భాష చేతిలో ఉన్న మనిషికే నొప్పిని నమ్మించడం చేతకాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు పది శాతం మందికి ఎండోమెట్రియోసిస్ ఉంటుంది. జబ్బుకి పేరు తెలియడానికే ఏళ్లు పడుతుంది. ఇందులో ఇంకో చిక్కుంది. లోపల మచ్చలు ఎన్ని ఉన్నాయన్నదానికీ నొప్పి ఎంత ఉందన్నదానికీ సరిగ్గా లంకె కుదరదు. కొందరికి చాలా ఉండి నొప్పి ఉండదు, కొందరికి పిసరంత ఉండి ప్రాణం తీస్తుంది. అంటే కెమెరా కూడా మనకి పూర్తి సాక్షి కాదు.

ఎలైన్ స్కారీ 1985లో నొప్పి గురించి రాసిన పుస్తకంలో ఒక సంగతి తేల్చి చెప్తుంది. నొప్పి ఉన్నవాళ్లకి అంతకంటే నిశ్చయమైనది ఇంకోటి ఉండదు, పక్కవాళ్లకి అంతకంటే అనుమానించదగ్గదీ ఉండదు. ఒకే గదిలో, ఒకే మంచానికి ఇటూ అటూ. ఇక ఆ చెప్పేది ఆడమనిషైతే అనుమానానికి ఇంకో పొర. ఫలానా రకం మనిషి కాబట్టి ఆమె మాటకి తక్కువ విలువ కట్టడాన్ని మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త ఒక అన్యాయంగానే లెక్కవేసింది. పొరపాటు కాదు, అన్యాయం. గ్రీకులో గర్భాశయానికి ఉన్న మాటలోంచే హిస్టీరియా పుట్టింది. అమెరికా మానసిక వైద్యుల పట్టికలోంచి ఆ పేరు 1980లో గానీ పోలేదు. పేరు పోయింది, చూపు ఉండిపోయింది.

ఇప్పుడు దాచుకోవడం ఎందుకో చెప్పొచ్చు. ఆరేళ్లు నేను ఒక కేసు వాదిస్తున్నాను: నా నొప్పి నిజం. పెద్ద పెద్ద మందులకి తగ్గనిది పన్నెండు చిన్న సూదులకి తగ్గిందంటే, అవతలి లాయరు లేచి నిలబడి ఒక్క మాట అంటాడు: "చూశారా, మనసులోదే." నాకు వచ్చిన ఉపశమనమే నా మీద సాక్ష్యమవుతుంది.

*

మా పెద్దమ్మకి ఇలాంటి బాధ లేదు. ఆమె కేసు 33 ఏళ్లకే మూసేశారు.

తెనాలి దగ్గర పల్లె. మిరపకోతలకి వెళ్లేది. పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట, నడుం లాగడం. టౌన్లో ఒక నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్తే, "ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంక ఆ సంచితో పనేముంది? ఉంచుకుంటే క్యాన్సరవుతుంది" అన్నారట. అప్పు చేసి తీయించేశారు. మా చుట్టాల్లో లెక్కపెడితే అలా తీయించుకున్నవాళ్లు ఐదుగురు తేలారు. "పెద్దాపరేషన్" అంటారు మావైపు. పెళ్లి, పిల్లలు, పెద్దాపరేషన్. అదో మైలురాయిలా.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అన్నీ అక్కర్లేని ఆపరేషన్లని అనను. గడ్డలుంటాయి, ఆగని రక్తస్రావం ఉంటుంది, నిజంగా అవసరమైనవి ఉంటాయి. కానీ గుంటూరు గర్భసంచులు మిగతా దేశపు గర్భసంచుల కంటే రెండున్నర రెట్లు జబ్బుతో పుడతాయని ఎవరైనా అనగలరా?

అంటే ఆడదాని కడుపునొప్పికి మన దగ్గర రెండే జవాబులున్నాయి. ఒకటి, ఏమీ లేదు. రెండు, తీసేద్దాం. చదువుకున్నదానికి, ఇంకా పిల్లలు పుట్టనిదానికి మొదటిది. చదువులేనిదానికి, పిల్లలు పుట్టేసినదానికి రెండోది. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండింటిలోనూ ఒక పోలిక ఉంది: రెండిట్లోనూ ఆమె చెప్పేది వినాల్సిన పనిలేదు. మొదటిదాంట్లో స్కాను మాట్లాడుతుంది, రెండోదాంట్లో కత్తి.

ఈ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలోకి వచ్చింది సూది.

*

సూది గురించి గొప్పలు చెప్పను. అది ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకి మన దేశం పంపిన వైద్య బృందంలో కోట్నిస్‌తో పాటు బిజయ్ కుమార్ బసు అనే బెంగాలీ డాక్టరు ఉన్నాడు. ఆయన తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు. అమెరికాకి అది 1971 జూలైలో, జేమ్స్ రెస్టన్ అనే జర్నలిస్టు పొట్ట మీదుగా చేరింది. పెకింగ్‌లో ఆయనకి అపెండిక్స్ ఆపరేషనయింది. అది మామూలు మత్తు ఇచ్చే చేశారు. తర్వాత కడుపుబ్బరం తగ్గడానికి సూదులు పెట్టారు. ఆయన దాన్ని న్యూయార్క్ టైమ్స్‌లో రాస్తే, మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేశారని జనం చెప్పుకున్నారు. సూది వెంట కథ ఎప్పుడూ ఒక జానెడు ముందే నడుస్తుంది.

మరి నిజంగా పనిచేస్తుందా? ఇక్కడ నేను ఆరు నెలలు కూర్చుని చదివాను. నా కేసుకి కావలసిన సాక్ష్యం కదా.

2007లో అచ్చయిన ఒక జర్మన్ పరిశోధనలో ఏళ్ల తరబడి నడుంనొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి శాస్త్రం చెప్పిన బిందువుల్లో అసలు ఆక్యుపంక్చర్. రెండో గుంపుకి ఉత్తుత్తిది: బిందువులు కాని చోట్ల, పైపైన గుచ్చడం. మూడో గుంపుకి మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత మెరుగైనవాళ్లు, అసలుదాంట్లో 47.6 శాతం, ఉత్తుత్తిదాంట్లో 44.2 శాతం, మామూలు వైద్యంలో 27.4 శాతం.

ఈ మూడు అంకెలు మళ్లీ చదవండి. ఆక్యుపంక్చర్‌ని నమ్మేవాళ్లకీ నమ్మనివాళ్లకీ ఇద్దరికీ ఇందులో చేదు ఉంది. బిందువులు, నాడీమార్గాలు, మా ఆవిడ నా వేళ్లతో అంత శ్రద్ధగా తీసిన కొలతలు, వీటికి అంత విలువ లేదని ఒకవైపు. ఉత్తుత్తి సూది కూడా మన పద్ధతైన వైద్యాన్ని అంత దూరంలో దాటిపోయిందని మరోవైపు.

కటి నొప్పికి వస్తే పరిశోధనలు తక్కువ, చిన్నవి. 2023లో చైనాలో ఎండోమెట్రియోసిస్ నొప్పి ఉన్న 106 మంది మీద చేసినదాంట్లో, 12 వారాల చికిత్సలో అసలు సూదులు ఉత్తుత్తి సూదుల కంటే నెలసరి నొప్పిని ఎక్కువ తగ్గించాయి. ఆపేశాక ఆ తేడా నిలవలేదు. అలాగని మందుల వైపు ఏమైనా గట్టి నేల ఉందా? గాబాపెంటిన్ అనే నరాల మందుని ఏళ్లుగా ఈ నొప్పికి రాస్తూ వచ్చారు. నాకూ రాశారు. ఎనిమిది నెలలు మింగాను, మత్తుగా, మీటింగుల్లో పేర్లు మర్చిపోతూ. 2020లో లాన్సెట్ పత్రికలో, ఏ కారణమూ కనబడని కటి నొప్పి ఉన్న 306 మంది బ్రిటన్ స్త్రీల మీద దాన్ని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన ఫలితం వచ్చింది. నొప్పి తగ్గించడంలో తేడా లేదు, దుష్ఫలితాలు మాత్రం మందువాళ్లకే ఎక్కువ.

కాబట్టి "శాస్త్రీయమైన మందు మానేసి మూఢనమ్మకం వెంట వెళ్లింది" అని నన్నెవరైనా అంటే, నేను వదిలిపెట్టింది కూడా ఉత్తుత్తి మాత్రని మించనిదే అని చెప్పగలను. కాకపోతే అది తెల్లకోటు వేసుకుంది.

*

ఇంతకీ ఉత్తుత్తి అంటే ఏమిటి?

టెడ్ కాప్చుక్ అని, మొదట చైనా వైద్యం చదివి, తర్వాత హార్వర్డ్‌లో ప్లాసిబో మీద పనిచేసిన మనిషి. 2008లో ఆయన బృందం పేగుల జబ్బు ఉన్న 262 మందితో ఒక పని చేసింది. ఒక గుంపుకి ఏమీ చెయ్యలేదు, వరసలో ఉంచారు. రెండో గుంపుకి చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూదులు, మాటా పలుకూ లేకుండా. మూడో గుంపుకి అవే ఉత్తుత్తి సూదులు, కానీ మొదటిసారి ముప్పావుగంట కూర్చుని, జబ్బు గురించి అడిగి, విని, కళ్లలోకి చూసి, మీ కష్టం నాకు తెలుస్తోందని చెప్పి. మూడు వారాలకి తగినంత ఉపశమనం కలిగిందన్నవాళ్లు వరసగా 28, 44, 62 శాతం.

ఇది చదివినప్పుడు నాకు హార్వర్డ్ గుర్తు రాలేదు, మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఊళ్లో ఒకే చదువు చదివిన ఇద్దరు డాక్టర్లుంటే, ఒకే మాత్ర రాసినా, "ఆయన హస్తవాసి మంచిదే" అని ఒక్కడి దగ్గరికే వెళ్లేది. నేను నవ్వేదాన్ని. కాప్చుక్ కొలిచింది హస్తవాసినే కదా? ఆ 44కీ 62కీ మధ్య ఉన్నది సూది కాదు, మందు కాదు, బిందువు కాదు. ఒక చెయ్యి. దానికి మనవాళ్లు ఏనాడో పేరు పెట్టి, జాతకంలో పడేశారు. అదృష్టం అనుకున్నారు. అదృష్టం కాదు, ముప్పావుగంట.

హస్తవాసికి ఒళ్లు కూడా ఉంది. 1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు, పన్ను పీకించుకున్నవాళ్లకి ఉత్తుత్తి మందిచ్చి నొప్పి తగ్గాక, నాలోక్సోన్ అనే ఇంకో మందు ఎక్కించారు. నల్లమందు పనిని అడ్డుకునే మందది. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగింది. అంటే నమ్మకంతో తగ్గిన నొప్పి ఊహలో తగ్గలేదు. ఒంట్లో తయారయ్యే సొంత నల్లమందుతో తగ్గింది. ఆక్యుపంక్చర్ ఉపశమనాన్ని కూడా నాలోక్సోన్ అడ్డుకుంటుందని అంతకు ఏడాది ముందే ఇంకొకరు చూపించారు. దెబ్బ తగిలితే చేత్తో ఎందుకు రుద్దుకుంటామో మెల్జాక్, వాల్ 1965లోనే చెప్పారు: వెన్నుపాములో ఒక తలుపుంటుంది, స్పర్శ అటునుంచి వస్తే నొప్పికి తలుపు కొంచెం మూసుకుంటుంది. ఏళ్లు గడిచిన నొప్పిలో ఆ తలుపు బందులే ఊడిపోతాయి. దొంగ వెళ్లిపోయాక కూడా మోగుతున్న అలారం అది. స్కానులో దొంగ కనిపించడు. అలారం మోగడం మాత్రం నిజం.

కాబట్టి అవతలి లాయరు "మనసులోదే" అన్నప్పుడు నా జవాబు "కాదు, ఒంట్లోదే" అని ఉండకూడదు. ఆరేళ్లు నేను చేసిన తప్పు అది. వాళ్ల కోర్టులో, వాళ్ల చట్టంతోనే వాదించాను: ఒంట్లో ఉంటే నిజం, మనసులో ఉంటే అబద్ధం. మనసు ఎక్కడుంది మరి, పక్కింట్లోనా? ఉత్తుత్తి మాత్రకి తగ్గిన పంటినొప్పిని చూసి "నీకు అసలు పన్నే పీకలేదు" అని ఎవరూ అనరు. పన్ను పళ్లెంలో ఉంది కాబట్టి. నా నొప్పికి పళ్లెంలో పెట్టి చూపించడానికి ఏమీ లేదు, అంతే తేడా. ఒక నొప్పి దేనికి తగ్గిందన్నది, ఆ నొప్పి ఉందా లేదా అన్నదానికి తీర్పు కాదు. అవి రెండు వేరే ప్రశ్నలు.

ఈ చిన్న విషయం అర్థం కావడానికి నాకు విట్‌గెన్‌స్టైన్ సాయం కూడా కావాల్సొచ్చింది. ఆయన అంటాడు, పిల్లవాడు దెబ్బ తగిలి ఏడుస్తాడు, పెద్దవాళ్లు ఆ ఏడుపు స్థానంలో మాట నేర్పుతారు, "నొప్పి" అన్న మాట లోపలున్న వస్తువుకి తగిలించిన చీటీ కాదు, ఏడుపుకి బదులు వచ్చినది అని. ఇది చదివి నేను తెలుగులో ఆలోచించాను. నొప్పి వస్తే మనం ఏమంటాం? "అమ్మా." "అబ్బా." అబ్బ అంటే నాన్న. "అయ్యో"లోనూ ఒక అయ్య వినిపిస్తాడు. మన భాషలో నొప్పి మొదటి మాటే ఒక పిలుపు. పిలుపుకి జవాబు పలకడం. నిరూపించు అనడం కాదు. "అమ్మా" అన్న పిల్లని "ఏదీ, రిపోర్టు చూపించు" అన్న తల్లి ఉంటుందా? అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం కూడా 2020లో నిర్వచనం సవరించినప్పుడు, మనిషి తనకి నొప్పి అని చెబితే ఆ మాటని గౌరవించాలని రాసుకోవాల్సి వచ్చింది.

*

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం తియ్యగా ముగుస్తుంది. కానీ హస్తవాసిని నేను పూర్తిగా నమ్మను. దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది అబద్ధం. మా ఆవిడ నాడి పట్టుకుని, "మీ కిడ్నీ శక్తి తగ్గిందమ్మా" అన్నారు. నా క్రియాటినిన్ బాగానే ఉంది. చైనా వైద్యంలో కిడ్నీ అంటే మన కిడ్నీ కాదని నాకు తర్వాత తెలిసింది. అయినా ఇంకో మనిషి అయితే భయపడిపోయేది. మంచి జరుగుతోంది కదా అని ఒకరికి నిజం కాని మాట చెప్పొచ్చా? డాక్టరు "స్ట్రెస్" అని చెప్పిన అబద్ధం నన్ను చిన్నది చేసింది, ఈవిడ "శక్తి" అని చెప్పింది నన్ను నిలబెట్టింది. అయినా రెండూ నా గురించి నాకు తెలియకుండా చేసిన ఏర్పాట్లే. ఉత్తుత్తి మాత్రలని ముందే చెప్పి ఇచ్చినా పనిచేస్తాయని కాప్చుక్ బృందమే 2010లో చూపించింది: 80 మందిలో, ఆ మాత్రలు వేసుకున్నవాళ్లలో 59 శాతానికి ఉపశమనం, వేసుకోనివాళ్లలో 35 శాతానికి. అంటే అబద్ధం అవసరమని కూడా అనలేం. ఒకరోజు ధైర్యం చేసి ఆవిణ్ని అడిగాను, "మేడమ్, ఇది నిజంగా పనిచేస్తుందా?" ఆవిడ సూదుల పెట్టె మూస్తూ చెప్పారు: "అందరికీ కాదమ్మా. కొంతమందికి చేస్తుంది. ఎందుకో నాకూ పూర్తిగా తెలీదు. ఎనిమిదిసార్లు చూద్దాం, తేడా లేకపోతే నేనే ఆపెయ్యమంటా. స్కానులు మాత్రం మానకండి." ఆరేళ్లలో ఒక వైద్యం చేసే మనిషి నోటి నుంచి "నాకు తెలీదు" అని వినడం అదే మొదలు. నా హస్తవాసి లెక్కలో ఆ మాటకి కూడా కొంత శాతం ఇస్తాను.

రెండోది ప్రమాదం. నొప్పి తగ్గడం, జబ్బు తగ్గడం ఒకటి కాదు. అలారం గొంతు తగ్గిస్తే దొంగ పోడు. అండాశయంలో గడ్డ ఉన్న మనిషి హస్తవాసికి మురిసి ఏడాది ఆగితే ఆ ఏడాది ఎవరిస్తారు? హస్తవాసి ఉన్న దొంగ డాక్టర్లకి మన ఊళ్లలో కొదవలేదు. అసలు అదే వాళ్ల పెట్టుబడి. వినడం తెలిసినవాడి చేతిలో మోసపోవడం చాలా తేలిక, ఎందుకంటే ఆడవాళ్లం అంత ఆకలితో ఉన్నాం.

మూడోది అన్నిటికంటే గట్టిది. ఆవిడ సిటింగుకి 800 రూపాయలు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను, ఇవ్వగలను. ఆ 800లో సూదుల ఖరీదెంత? మిగతాది దేనికి? ముప్పావుగంటకి. ఒక మనిషి ఫోను చూడకుండా, వాచీ చూడకుండా, "ఎప్పుడు మొదలైంది, ఎలా ఉంటుంది, గుచ్చినట్టా, పిండినట్టా, మంటా, పడుకుంటే ఎక్కువా, నిలబడితేనా, మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు ఎలా ఉంది" అని అడిగినందుకు. ప్రభుత్వాసుపత్రి ఓపీలో, మెట్ల దాకా ఉన్న వరసకి ఎదురుగా కూర్చున్న డాక్టరమ్మ దగ్గర ఆ ముప్పావుగంట లేదు. ఆవిడ మంచిది కాదని కాదు. ఆవిడకీ ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి వినడం అనేది ఒక స్పెషల్ ట్రీట్‌మెంట్ అయింది, సూది గుచ్చితే గానీ బిల్లు వెయ్యలేని సరుకయింది. నన్ను నిజంగా కలవరపెట్టేది సూది పనిచేస్తుందా లేదా అన్నది కాదు. నా మాట ఒకరు వినాలంటే నేను ముందు 12 చోట్ల గుచ్చించుకోవాలా?

ప్లాసిబోని నైతికంగా ఎలా వాడాలి అని తత్వవేత్తలు వాదించుకుంటుంటారు, అదేదో వైద్యుడు జేబులోంచి తీసి ఇచ్చే బహుమతిలా. ఆ 62లో 44 తీసేస్తే వచ్చే 18 మాత్రం బహుమతి కాదనిపిస్తుంది నాకు. అది బాకీ. ఉత్తుత్తిది అని పేరు పెట్టి మనం పక్కకి తోసింది, అసలు ఎప్పుడో ఇవ్వాల్సి ఉండి ఎగ్గొట్టినది. సూదుల గదిలో నాకు ఆ బాకీ కొంత తీరింది. నా గైనకాలజిస్టు గదిలో కూడా తీరి ఉంటే, ఆ మందు పనిచెయ్యట్లేదని ఎనిమిది నెలలకి కాక రెండో నెలలోనే చెప్పగలిగేదాన్ని.

*

పోయిన నెల ఆమెకి చెప్పాను. తగ్గిందని, సూదులని. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "ఎన్నాళ్లయింది? నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. మీరు నమ్మరని, అన్నాను. "సూదుల్నా?" కాదు మేడమ్, నొప్పిని. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా ఫైలు మొదటి పేజీకి తిప్పి, "మొదట్నుంచీ చెప్పండి" అన్నారు. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు. పావుగంట ఇచ్చారు. కటి కండరాలకి ఫిజియోథెరపీ గురించి అప్పుడు మొదటిసారి విన్నాను. వెళ్తున్నాను.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పెద్దమ్మ పెరట్లో అరిసెల పిండి జల్లిస్తోంది. పక్కన పీట వేసుకుని కూర్చుని అడిగాను, "పెద్దమ్మా, ఆపరేషన్ తర్వాత నీకు నొప్పి పోయిందా?"

జల్లెడ ఆపలేదు. "ఇన్నాళ్లకి అడిగావే" అంది. తర్వాత కాసేపటికి, "రెండేళ్లు బానే ఉంది. మళ్లీ వచ్చింది. కాళ్లు తిమ్మిర్లు, ఒళ్లు మంటలు, నడుం. ఎవరికీ చెప్పలా."

"ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పేది? ఇంకేం మిగిలిందని, తియ్యడానికి?" అని నవ్వింది.

24 ఏళ్లు. నాకు ఆక్యుపంక్చర్ రాదు. నా చేతికి ఏ వాసీ లేదు. పీట కొంచెం దగ్గరికి జరుపుకుని, "ఎక్కడ మొదలవుతుంది, ఎలా ఉంటుంది, గుచ్చినట్టా, పిండినట్టా?" అని అడిగాను. ఆమె జల్లెడ కింద పెట్టింది.